సీసాలు కడిగిన చేతులు – ఎమిల్ బెర్లినర్ జీవితం

వార్షికోత్సవం దగ్గర పడిందంటే చాలు, మన హాస్టల్లో పాడే గొంతులన్నీ ఒకచోట చేరతాయి. మా రోజుల్లో స్టేజీ మీద పాడి చప్పట్లు కొట్టించుకుంటే అదే గొప్ప. ఇప్పటి పిల్లలు అంతటితో ఆగడం లేదు. పాటను రికార్డు చేయాలి, ఊళ్ళో అమ్మానాన్నలకు వినిపించాలి అంటున్నారు. ఏ మైకు కొనాలి, గొంతుకు ఎంత దూరంలో పెట్టాలి, డప్పు మోతలో పాట మునిగిపోకుండా ఎలా కలపాలి అని అడుగుతున్నారు. మంచి ప్రశ్నలే. ఈ విద్య నేర్చుకోదలచిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ ముందుగా ఒక మనిషి కథ తెలుసుకుంటే బాగుంటుందని నాకు తోచింది. మైకు పుట్టుకలో ఆయన చెయ్యి ఉంది. గ్రామఫోను రికార్డు ఆయన చేతుల్లోనే పుట్టింది. ఆయన పేరు ఎమిల్ బెర్లినర్. గ్రాహంబెల్ పేరు, ఎడిసన్ పేరు మన పాఠాల్లో చదువుకున్నాం. ఆ రెండు పెద్ద పేర్ల నడుమ ఈయన పేరు నలిగిపోయింది.

బెర్లినర్ 1851 మే 20వ తేదీన జర్మనీలోని హనోవర్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి శామ్యూల్ చిన్న వర్తకుడు, మతగ్రంథాలు బాగా చదివినవాడు. తల్లి సారాకు సంగీతం తెలుసు. ఆ తల్లి కడుపున పుట్టిన బిడ్డలు పదముగ్గురు. అంత మందికి తిండి పెట్టి చదివించడం ఎలాగుంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎమిల్‌ను వోల్ఫెన్‌బ్యూటెల్ అనే ఊళ్ళో ఉన్న బడికి పంపారు. పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకునే బడి అది. 1865లో, పద్నాలుగేళ్ళకు, ఆ చదువు ముగిసింది. మన లెక్కలో తొమ్మిదో తరగతి ఈడు. ఆ తర్వాత ఏ కాలేజీ గడపా తొక్కి పట్టా పుచ్చుకోలేదు.

ఇంటికి ఆసరా కావాలి గనుక ముందు అచ్చాఫీసులో, తర్వాత బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. దుకాణంలో రోజూ బట్టల తానులు చూసీ చూసీ, అవి ఎలా నేస్తారో ఆరా తీసి, మగ్గానికి ఒక కొత్త అమరిక ఆలోచించాడట. తండ్రికి అది పనికిరాని ఆలోచనగా కనపడింది. ఏ వస్తువునైనా అది ఎలా తయారవుతుందో తెలిసేదాకా వదలకపోవడం మాత్రం ఆయనకు అప్పటినుంచే అబ్బింది.

1866లో హనోవర్ ప్రష్యా రాజ్యంలో కలిసిపోయింది. వయసొచ్చిన ప్రతి కుర్రవాడూ సైన్యంలో చేరక తప్పని పరిస్థితి. ఇంటికి తెలిసిన ఒకాయనకు అమెరికాలోని వాషింగ్టన్‌లో బట్టల దుకాణం ఉంది. వస్తే గుమాస్తా పని ఇస్తానన్నాడు. 1870లో, పంతొమ్మిదో ఏట, బెర్లినర్ ఓడ ఎక్కాడు. మూడేళ్ళు ఆ దుకాణంలో లెక్కలు రాశాడు, బట్టలు కొలిచాడు. ఇంగ్లీషు నేర్చుకున్నాడు.

1873లో న్యూయార్కు చేరాడు. అక్కడ ఆయన చేయని చిన్న పని లేదు. బట్టలు అమ్మాడు. ఫొటోలకు వెనక రంగులు పూశాడు. కొన్నాళ్ళు ఊరూరూ తిరిగి సరుకు అమ్మే ఉద్యోగం కూడా చేశాడు. ఈ తిరుగుళ్ళ మధ్య ఆయనను నిలబెట్టింది కూపర్ ఇన్‌స్టిట్యూట్. పీటర్ కూపర్ అనే ధనవంతుడు 1859లో న్యూయార్కులో ప్రారంభించిన విద్యాసంస్థ అది. కూపర్‌కు చిన్నప్పుడు బడి యోగం సరిగా లేదు. తనకు దొరకనిది కష్టపడి బతికేవాళ్ళకు దొరకాలని, పగలు పనిచేసే జనం రాత్రిపూట డబ్బు కట్టకుండా చదువుకునే ఏర్పాటు చేశాడు. అక్కడి చదువుకునే గది రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉండేది. పగలు ఒళ్ళు హూనమయ్యేలా పనిచేసిన బెర్లినర్ రాత్రి అక్కడ దీపాల కింద కూర్చుని విజ్ఞానశాస్త్రం చదివేవాడు. మన హాస్టళ్ళు ప్రభుత్వ సొమ్ముతో నడుస్తాయి, అది ఒక దాత సొమ్ముతో నడిచింది. తేడా అంతే. ఇలాంటి చోటు ఒకటి లేకపోతే ఆ కుర్రవాడు జీవితమంతా బట్టల కొట్లోనే ఉండిపోయేవాడని నా అభిప్రాయం.

1875లో కాన్‌స్టాంటిన్ ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పని దొరికింది. ఈ ఫాల్‌బర్గే తర్వాత కొన్నేళ్ళకు శాకరిన్ కనిపెట్టాడు. బెర్లినర్‌కు అక్కడ అప్పగించిన పని ఊడ్చడం, తుడవడం, సీసాలు కడగడం. అయితే ఆ సీసాల్లో ఏముందో, అది ఎందుకు రంగు మారిందో చూసే కళ్ళు ఆయనకున్నాయి. ఆ రోజుల్లోనే మందుల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి ఆయన తపన గమనించి, జర్మన్ భాషలో ఉన్న భౌతికశాస్త్ర పుస్తకం ఒకటి ఇచ్చాడు. ఒక్క పుస్తకం! శబ్దం గురించి, విద్యుత్తు గురించి బెర్లినర్‌కు తెలిసిన పునాది అంతా దానిలోంచి వచ్చిందే.

1876లో మళ్ళీ వాషింగ్టన్‌లోని పాత దుకాణానికి వచ్చేశాడు. సరిగ్గా ఆ ఏడాదే ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో గ్రాహంబెల్ తన టెలిఫోనును జనానికి చూపించాడు. దేశమంతా అదే మాట. అయితే బెల్ టెలిఫోనులో ఒక పెద్ద లోపం ఉంది. వినే భాగం బాగానే ఉంది, మాట్లాడే భాగమే బలహీనం. మన గొంతులోంచి వచ్చే గాలి కదలికే ఒక పొరను కదిపి, అయస్కాంతం దగ్గర ఇంత చిన్న కరెంటును పుట్టించాలి. గొంతుకున్న బలం ఎంతని? కొంచెం దూరం పోయేసరికి మాట వినిపించేది కాదు. అరిచి చెప్పాల్సి వచ్చేది.

బెర్లినర్ అద్దె గదిలో రాత్రిళ్ళు తీగలు, బ్యాటరీలు పెట్టుకుని కుస్తీ పట్టాడు. దారి చూపింది ఏ ప్రొఫెసరూ కాదు, అగ్నిమాపక కార్యాలయంలో టెలిగ్రాఫు కొట్టే ఒక స్నేహితుడు. బెర్లినర్ టెలిగ్రాఫు మీట నొక్కడం అతని దగ్గర నేర్చుకుంటున్నాడు. మీటను ఊరికే తాకితే చాలదు, గట్టిగా నొక్కాలి, అలా నొక్కితేనే కరెంటు బాగా పోతుంది అని ఆ స్నేహితుడు మామూలుగా చెప్పాడు. అతనికి అది రోజువారీ పని కిటుకు. బెర్లినర్‌కు మాత్రం అందులో మెరుపు కనిపించింది. రెండు లోహాలు ఒకదానికొకటి తాకే చోట ఒత్తిడి పెరిగితే కరెంటు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అయితే ఆ ఒత్తిడిని వేలితో కాకుండా గొంతుతో ఇస్తే? కరెంటును గొంతు పుట్టించనక్కరలేదు. కరెంటు బ్యాటరీ ఇస్తుంది, గొంతు దానిని ఎక్కువా తక్కువా చేస్తే చాలు. చెరువులో నీళ్ళు మనం తయారుచేయం కదా, తూము తిప్పి ఎంత కావాలో అంత వదులుతాం. అలాగన్నమాట.

పరికరాలు కొనే డబ్బు లేదు. పిల్లలు ఆడుకునే చిన్న డోలు తెచ్చాడు, ఒక సూది, చొక్కాకు కుట్టే ఉక్కు గుండీ తెచ్చాడు. డోలు చర్మం మాటకు అదురుతుంటే దానికి ఆనిన లోహం దగ్గర ఒత్తిడి మారేలా అమర్చాడు. తర్వాత సబ్బుల పెట్టెతో ఇంకొకటి చేశాడు. 1877 ఏప్రిల్ 14న పేటెంటు కార్యాలయంలో తన ఆలోచనను ముందస్తుగా నమోదు చేసుకున్నాడు. సరిగ్గా పదమూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 27న, ఎడిసన్ కూడా ఇలాంటి ట్రాన్స్‌మిటర్ కోసం దరఖాస్తు పెట్టాడు. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండులో డేవిడ్ హ్యూస్ అనే ఆయన ఇదే సూత్రంతో పరికరం చూపించి దానిని మైక్రోఫోన్ అన్నాడు. ఆ పేరే మన నోట మైకు అయింది.

ఎవరు ముందు అన్న దావా ఏళ్ళ తరబడి నడిచింది. బెర్లినర్ పేటెంటు 1891 దాకా చేతికి రాలేదు. బొగ్గుతో చేసిన ట్రాన్స్‌మిటర్ ఎడిసన్‌దేనని 1892లో కోర్టు తేల్చింది. కనుక మైకును బెర్లినర్ ఒక్కడే కనిపెట్టాడని రాస్తే అది న్యాయం కాదు. కానీ పెద్ద ప్రయోగశాల, పనివాళ్ళు, పెట్టుబడి ఉన్న ఎడిసన్ ఎక్కడికి చేరాడో, ఒక బట్టల కొట్టు గుమాస్తా అద్దె గదిలో బొమ్మ డోలుతో ఇంచుమించు అక్కడికే చేరాడు. అది కూడా పదమూడు రోజులు ముందు.

బొగ్గు నలుసులు నింపిన ఈ మైకు టెలిఫోనుల్లో నూరేళ్ళపాటు ఏలింది. పాత ఆఫీసుల్లో నల్లటి ఫోను పట్టుకుని మాట వినపడకపోతే దానిని టకటకా తట్టేవాళ్ళను పెద్దలు చూసే ఉంటారు. అది ఉత్త కోపం కాదు. లోపలి బొగ్గు నలుసులు గడ్డ కట్టుకుపోతే తట్టినప్పుడు విడిపోయి మళ్ళీ మాట స్పష్టమయ్యేది.

బెల్ కంపెనీ 1878లో బెర్లినర్‌ను ఉద్యోగంలోకి తీసుకుని ఆయన హక్కులు కొనుక్కుంది. చేతిలో డబ్బు ఆడింది. 1881లో కోరా ఆడ్లర్‌ను పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడాది అమెరికా పౌరుడయ్యాడు. సోదరుడు జోసెఫ్‌తో కలిసి పుట్టిన ఊరు హనోవర్‌లో టెలిఫోనుల కర్మాగారం పెట్టించాడు. ఇంకొకరైతే ఇక్కడితో స్థిరపడిపోయేవారు. ఆయన ఉద్యోగం వదిలి మళ్ళీ వాషింగ్టన్‌లో సొంత ప్రయోగాలు మొదలుపెట్టాడు.

ఈసారి పట్టుకున్నది శబ్దాన్ని దాచిపెట్టే పని. ఎడిసన్ 1877లోనే ఫోనోగ్రాఫు తయారుచేశాడు. అందులో శబ్దం గుండ్రటి గొట్టం మీద గీతగా పడేది. ముల్లు లోతుగా, పైకిగా కదులుతూ గాడి తీసేది. వినడానికి బాగుండేది గానీ ఒక చిక్కుంది. ఒక గొట్టం నుంచి వందల నకళ్ళు తీసే మార్గం అప్పటికి లేదు. వంద గొట్టాలు అమ్మాలంటే గాయకుడు అదే పాటను మళ్ళీ మళ్ళీ పాడాలి. చుట్టూ అయిదారు యంత్రాలు పెట్టి ఒకేసారి ఎక్కించినా ఎన్ని వస్తాయి? పాడేవాడి గొంతు పోవడమే మిగిలేది.

బెర్లినర్ గొట్టం వదిలేసి పళ్ళెం తీసుకున్నాడు. ముల్లు లోతుకు కాకుండా పక్కకు, కుడి ఎడమలకు, కదిలేలా చేశాడు. తుత్తునాగం పళ్ళెం మీద పల్చగా తేనెమైనం పూత పూస్తాడు. ముల్లు ఆ మైనాన్ని గీసుకుంటూ పోతుంది. తర్వాత పళ్ళేన్ని ఆమ్లంలో ముంచితే మైనం లేని గీత ఉన్నచోట మాత్రమే లోహం తినేసి గాడి ఏర్పడుతుంది. ఫాల్‌బర్గ్ ప్రయోగశాలలో సీసాలు కడిగిన రోజులు వృథా పోలేదని ఇక్కడ తెలుస్తుంది. ఆ పళ్ళెం నుంచి తిరగేసిన అచ్చు తయారుచేసి, దానితో ఎన్ని కావాలంటే అన్ని ప్లేట్లు నొక్కుకోవచ్చు. అచ్చాఫీసులో ఒక పేజీకి వెయ్యి కాపీలు తీసినట్టే. అచ్చాఫీసులో పనిచేసినవాడికి ఈ ఊహ రావడంలో వింత లేదు. దీనికి గ్రామఫోను అని పేరు పెట్టాడు. 1887 నవంబరు 8న పేటెంటు వచ్చింది. 1888 మే 16న ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పండితుల ముందు ఆడించి చూపించాడు.

మొదట జర్మనీలో ఒక బొమ్మల కంపెనీ దీనిని పిల్లల ఆటవస్తువుగా అమ్మింది. పెద్దల చేతికి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. గట్టి రబ్బరుతో ప్లేట్లు చేస్తే అవి సరిగా అచ్చు పడక గోల పెట్టేవి. 1895 ప్రాంతంలో లక్క కలిపిన ముద్దతో చేయడం మొదలయ్యాక ఆ బాధ తీరింది. లక్క అంటే మన దేశపు అడవుల్లో చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే బంక. ప్రపంచంలో ఏ దేశపు పాట వినాలన్నా అరవై ఏళ్ళపాటు మన అడవి జనం సేకరించిన లక్క కావలసి వచ్చిందన్నమాట. ఈ సంగతి ఎందుకో మన పుస్తకాల్లో పెద్దగా కనిపించదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ రోజుల్లో పాటను ఎలా రికార్డు చేసేవారు? మైకు లేదు. అదేమిటి, మైకు 1877లోనే పుట్టింది కదా అంటారేమో. పుట్టింది గానీ అది టెలిఫోనుకే పరిమితమైంది. దాని నుంచి వచ్చే కరెంటు ముల్లును కదిపేంత బలంగా ఉండేది కాదు, ఆ కరెంటును పెంచే యాంప్లిఫయరు ఇంకా పుట్టలేదు. అందుచేత రికార్డింగు గదిలో ఉన్నది ఒక పెద్ద బాకా, దాని చివర ఒక పొర, పొరకు ఒక ముల్లు. అంతే. గాయకుడి ఊపిరి బలమే ముల్లును కదపాలి.

బెర్లినర్ దగ్గర ఈ పని నేర్చుకున్నవారిలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ ముఖ్యుడు. 1873లో వాషింగ్టన్‌లోనే పుట్టాడు. బడి రోజుల్లోనే ఫోనోగ్రాఫు కంపెనీకి వెళ్ళి పాటలకు పియానో వాయిస్తూ రికార్డింగు విద్య పట్టాడు. తర్వాత బెర్లినర్ దగ్గర చేరి పియానో వాయించాడు, గాయకులను వెతికి తెచ్చాడు, పళ్ళేలు ఆమ్లంలో ముంచాడు. ఏ గొంతు బాకాకు పడుతుందో చెవితో పసిగట్టడం నేర్చాడు. వీధి మూలల్లో మందులు అమ్ముతూ అరిచేవాడి గొంతు కూడా వాళ్ళకు పనికొచ్చింది, ఎందుకంటే అది స్పష్టంగా పడేది.

బాకా ఒక్కటే కనుక మిక్సింగు అంతా కాళ్ళతోనే. గొంతును బాకా ముందు నిలబెట్టాలి. పియానోను బల్ల మీదికి ఎత్తి, దాని మోత బాకాకు అందేలా పెట్టాలి. బూరలు వెనక వరసలో. ఫ్రెంచ్ హార్న్ అనే వాద్యం నోరు వెనక్కి తిరిగి ఉంటుంది కనుక దానిని వాయించేవాళ్ళు బాకాకు వీపు పెట్టి కూర్చుని, అద్దంలో చూస్తూ తాళం అందుకునేవారు. పెద్ద డోలు వాడితే ముల్లు ఎగిరిపడేది, కాబట్టి దానిని తీసేసేవారు. వయొలిన్ మోత చాలకపోతే దానికి చిన్న బాకా తగిలించిన వయొలిన్ ఒకటి తయారుచేశారు. గాయకుడు హెచ్చు స్వరం అందుకునేటప్పుడు వెనక్కి లాగేవారు, మెల్లగా పాడేటప్పుడు ముందుకు నెట్టేవారు. ఒక తప్పు దొర్లితే మొత్తం మళ్ళీ మొదటి నుంచి పాడవలసిందే. తర్వాత సరిదిద్దే మార్గం ఏదీ లేదు.

మైకు గురించి అడిగే తమ్ముళ్ళకు నేను చెప్పేది కూడా ఇక్కడే ఉంది. ఈనాడు కంప్యూటరులో ఎన్ని మీటలున్నా శబ్దానికి దూరమే మొదటి మీట. ఆరుబయట మైకు నుంచి గొంతు దూరం రెట్టింపయితే మైకును తాకే ఒత్తిడి సగమవుతుంది. డప్పు, పాట కలిపి ఒకే మైకుతో తీయాలంటే పాడేవాడు మైకుకు జానెడు దూరంలో ఉండాలి, డప్పు పది పదిహేను అడుగుల దూరంలో, గది మూల కాకుండా, ఉండాలి. చేతిలో పట్టుకునే మామూలు డైనమిక్ మైకులో అయస్కాంతం నడుమ చిన్న తీగచుట్ట కదులుతుంది. దానికి వేరే కరెంటు అక్కరలేదు, మోటుగా వాడినా ఓర్చుకుంటుంది, దగ్గరి శబ్దం పట్టి దూరపు గోల చాలావరకు వదిలేస్తుంది. కండెన్సర్ మైకుకు బయటినుంచి కరెంటు కావాలి. అది సన్నటి చప్పుడు కూడా పడుతుంది, పక్క గదిలో ప్లేట్లు కడిగే చప్పుడుతో సహా. అందుకే మన డార్మిటరీ లాంటి గోల ఉన్న గదిలో ఖరీదైన కండెన్సర్ కంటే చవకైన డైనమిక్ నయం. నిశ్శబ్దమైన గది దొరికితే మాట వేరు. దుప్పట్లు దండేల మీద వేలాడదీస్తే గోడల ప్రతిధ్వని కొంత తగ్గుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

బెర్లినర్ కథకు తిరిగి వద్దాం. మొదటి గ్రామఫోనులను చేత్తో తిప్పాలి. చెయ్యి వేగం మారితే పాట శ్రుతి మారిపోయేది. న్యూజెర్సీలో చిన్న మరమ్మతు కార్ఖానా నడిపే ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ 1896లో స్ప్రింగు మోటారు అమర్చి ఆ లోపం సరిచేశాడు. అమ్మకాలు ఊపందుకున్నాయి. సరిగ్గా అప్పుడే దెబ్బ తగిలింది. అమెరికాలో అమ్మకం హక్కులు తీసుకున్న ఫ్రాంక్ సీమన్ అనే వ్యాపారి ఎదురు తిరిగి పోటీ సరుకు అమ్మసాగాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. 1900 జూన్‌లో కోర్టు ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం బెర్లినర్ తాను కనిపెట్టిన గ్రామఫోనును తన దేశంలో తానే అమ్మడానికి వీల్లేదు! ఇంతకంటే అన్యాయం ఉంటుందా అనిపిస్తుంది. ఆయన కూర్చుని ఏడవలేదు. కెనడాలోని మాంట్రియల్‌లో వ్యాపారం నడిపించాడు. అమెరికా హక్కులు జాన్సన్‌కు ఇచ్చాడు. జాన్సన్ 1901లో విక్టర్ కంపెనీ స్థాపించాడు. బాకా ముందు కూర్చుని యజమాని గొంతు వింటున్న కుక్క బొమ్మ మన పెద్దలందరికీ తెలుసు. ఆ బొమ్మ వేసింది ఫ్రాన్సిస్ బారాడ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. దానిని 1900లో అమెరికాలో వ్యాపార చిహ్నంగా నమోదు చేయించింది మాత్రం బెర్లినరే.

అప్పటికే యూరపులో దారి వేసి ఉన్నాడు. 1898లో లండన్‌లో గ్రామఫోను కంపెనీ ఏర్పడింది, రికార్డింగు చేయడానికి గైస్‌బర్గ్‌ను అక్కడికి పంపాడు. అదే ఏడాది హనోవర్‌లో ప్లేట్లు నొక్కే కర్మాగారం వెలిసింది. గైస్‌బర్గ్ పెట్టెలు సర్దుకుని దేశదేశాలు తిరిగాడు. 1902లో కలకత్తా వచ్చాడు. ఆ నవంబరులో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. గంటల తరబడి పాడే రాగాన్ని మూడు నిమిషాల్లో ఇమిడ్చి, చివర తన పేరు తానే చెప్పేది ఆమె. మైనపు పలకలు ఓడలో హనోవర్ వెళ్ళి, అక్కడ ప్లేట్లయి తిరిగొచ్చేవి. భాష తెలియని అక్కడి పనివాళ్ళకు ఏ పలక ఎవరిదో తెలియడానికి ఆ పేరు పనికొచ్చేది. 1908లో కలకత్తాలో కర్మాగారం వచ్చేదాకా మన దేశపు పాట బెర్లినర్ పుట్టిన ఊరికి పోయి అచ్చు పడి రావలసిందే. తర్వాతి రోజుల్లో మన నాటక పద్యాలు కూడా ప్లేట్ల కెక్కాయి. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలను నాటకం చూడని పల్లెల్లో కూడా జనం బాకా పెట్టె చుట్టూ చేరి విన్నారు.

మైకూ గ్రామఫోనూ దాదాపు యాభై ఏళ్ళు వేరువేరు ఇళ్ళలో పెరిగిన అన్నదమ్ముల్లా ఉండిపోయాయి. ఒకటి టెలిఫోనులో, ఇంకొకటి బాకా కింద. 1916లో టెలిఫోను కంపెనీ ఇంజనీరు వెంటే కండెన్సర్ మైకు తయారుచేశాడు. అప్పటికి యాంప్లిఫయరు కూడా వచ్చింది. 1925లో విక్టర్ కంపెనీ, కొలంబియా కంపెనీ బాకాను పక్కన పెట్టి మైకుతో రికార్డు చేయడం మొదలుపెట్టాయి. ఆ పద్ధతిని తయారుచేసింది బెర్లినర్ ఒకప్పుడు పనిచేసిన టెలిఫోను సంస్థ ఇంజనీర్లే. బాకాకు అందని మంద్రస్వరాలు, మెల్లని గొంతులు కూడా ప్లేటు మీద పడ్డాయి. గాయకులను వెనక్కీ ముందుకీ నెట్టే బాధ తగ్గింది. ఒకటికి మించి మైకులు పెట్టి, దేన్ని ఎంత కలపాలో మీట తిప్పి నిర్ణయించే వీలు కలిగింది. మనం మిక్సింగు అంటున్న విద్యకు దారి అక్కడ తెరుచుకుంది. అప్పటికి బెర్లినర్‌కు 74 ఏళ్ళు. గుండీ, సూదితో తాను మొదలుపెట్టినదీ, తేనెమైనంతో తాను మొదలుపెట్టినదీ ఒకచోట కలవడం కళ్ళారా చూశాడు.

ఆయన శబ్దం ఒక్కటే పట్టుకుని కూర్చోలేదు. 1900 ప్రాంతంలో ఆయన చిన్న కూతురికి ప్రాణం మీదికి వచ్చే జబ్బు చేసింది. పిల్లలు చనిపోవడానికి కాచని పాలు ఒక కారణమని తెలుసుకుని, పాలను వేడిచేసి క్రిములు చంపాకే అమ్మాలని ఏళ్ళ తరబడి ప్రచారం చేశాడు. కరపత్రాలు వేశాడు, పిల్లలకోసం శుభ్రత మీద గేయాల పుస్తకం రాశాడు. విజ్ఞానశాస్త్రంలో పరిశోధన చేసే స్త్రీలకు సాయంగా 1908లో తన తల్లి సారా పేరిట ఉపకారవేతనం నెలకొల్పాడు. ఆ కాలంలో అమ్మాయిలకు పరిశోధన ఎందుకు అనేవాళ్ళే ఎక్కువ. కొడుకు హెన్రీతో కలిసి హెలికాప్టరు ప్రయోగాలు చేశాడు. హాళ్ళలో ప్రతిధ్వని తగ్గించే గోడ పలకలు కూడా తయారుచేశాడు.

1888లో గ్రామఫోను ఆడించి చూపిన ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ 1929లో తన పతకంతో ఆయనను గౌరవించింది. ఆ ఏడాది ఆగస్టు 3న, డెబ్బై ఎనిమిదో ఏట, వాషింగ్టన్‌లో కన్నుమూశాడు. తన అంత్యక్రియలకు డబ్బు తగలేయవద్దని, ఆ సొమ్ము చంటిబిడ్డలున్న పేద తల్లులకు ఇవ్వాలని, పొద్దుగూకే వేళ తనను మట్టిలో పెట్టాలని ముందే ఇంట్లోవాళ్ళకు రాసిపెట్టాడు. ఆయన సమాధి వాషింగ్టన్‌లోని రాక్ క్రీక్ శ్మశానవాటికలో ఉంది.